కస్టమర్‌తో నిరోధ్ వాడతాం సరే, మన మనిషితో?

నేను కౌన్సెలర్‌గా పనిచేసిన రోజుల్లో ఒకామె క్లినిక్‌కి వచ్చింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో, పదేళ్లుగా సెక్స్ వర్క్‌లో ఉంది. నిరోధ్ లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వదని మా పీర్ ఎడ్యుకేటర్లందరికీ (ఇదే పని చేస్తూ తోటివాళ్లకి జాగ్రత్తలు నేర్పేవాళ్లు) తెలుసు, కొత్తగా ఈ పనిలోకి వచ్చిన ఆడవాళ్లని ఆమె దగ్గర కూర్చోబెట్టి నేర్పించేవాళ్లం. అలాంటామెకి సిఫిలిస్ అనే సుఖవ్యాధి పరీక్ష పాజిటివ్ వచ్చింది. ఎప్పుడో ఎక్కువ డబ్బు ఇస్తానంటే ఒప్పుకుని ఉంటుందిలే అనుకున్నాను, అదే అడిగాను కూడా. ఆమె ఏడవలేదు, కోపం తెచ్చుకుంది. "మేడమ్, నేను అబద్ధం చెప్పే మనిషిని కాదు" అంది. ఆమె చెప్పింది నిజమే. కస్టమర్లతో ఒక్కసారి కూడా తప్పలేదు. కానీ ఆరేళ్లుగా కలిసి ఉంటున్న తన మనిషితో మాత్రం ఒక్కసారి కూడా నిరోధ్ వాడలేదు. వాడాలని ఆమెకి తోచలేదు, వాడమని మేం చెప్పనూ లేదు. మా ఫారాల్లో కస్టమర్ల లెక్క రాసుకునేవాళ్లం, ఇంటికొచ్చే మనిషి గురించి అడగడం మర్యాద కాదని వదిలేసేవాళ్లం.

అందుకే ఇది రాస్తున్నాను. ఈ పని చేసే అక్కచెల్లెళ్ల కోసం, వాళ్లతో పనిచేసే పీర్ల కోసం, వాళ్ల మీద ప్రేమ ఉన్న ఎవరి కోసమైనా. ఇందులో సగం మీకు తెలిసే ఉంటుంది, అయినా చదవండి, ఎందుకంటే తెలిసిన వాటిలోనే చిన్న చిన్న పొరపాట్లు జరుగుతుంటాయి.

నిరోధ్ దగ్గర జరిగే పొరపాట్లు

నిరోధ్ వాడాలని తెలియని వాళ్లు మన దగ్గర దాదాపు లేరు. 2003లో గేట్స్ ఫౌండేషన్ అవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఒక రాష్ట్రం, ఆ తర్వాత నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) కింద టీఐ ప్రాజెక్టులు, అంటే హెచ్‌ఐవీ ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ల కోసం పెట్టినవి, నడుస్తూనే ఉన్నాయి. ఇన్నేళ్ల నుంచి పీర్లు చెబుతూనే ఉన్నారు. ఇబ్బందంతా వాడే తీరులో, వాడే సమయంలో వస్తోంది.

ముందు ఎన్ని కావాలో లెక్క చూసుకోండి. రోజుకి అయిదుగురు వస్తారనుకుంటే అయిదు సరిపోవు, ఒకటి చిరగొచ్చు, ఒకడు రెండోసారి అనొచ్చు, ఒకటి కింద పడొచ్చు. కనీసం మూడు ఎక్కువ దగ్గర పెట్టుకోండి. సర్కారు నిరోధ్ ఉచితమే, పీర్ తెచ్చిస్తుంది, డ్రాప్ ఇన్ సెంటర్లో (మనం వచ్చి కూర్చోడానికి ప్రాజెక్టు వాళ్లు పెట్టిన చోటు) అడిగినన్ని ఇస్తారు. ఇవ్వకపోతే గట్టిగా అడగండి, అవి మీ కోసం వచ్చినవే. జాకెట్లో చెమటకి తడుస్తూ ఉండేలా, బండి డిక్కీలో ఎండకి మాడేలా మాత్రం పెట్టొద్దు. వేడికి రబ్బరు పాడవుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ పనిలో చిరుగుతుంది. ప్యాకెట్ మీద తేదీ చూడండి, చదవడం రాకపోతే పీర్‌తో ఒకసారి చూపించుకోండి. వేళ్లతో నొక్కితే లోపల గాలి ఉన్నట్టు తగలాలి, తగలకపోతే ఎక్కడో చిల్లు ఉన్నట్టే, పారేయండి.

పళ్లతో చింపొద్దు. తొందరలో అందరూ చేసేది ఇదే. ప్యాకెట్‌తో పాటు లోపలిదీ తెగుతుంది, లైటు లేని గదిలో అది కనపడదు. తొడిగేటప్పుడు చివర నొక్కి పట్టుకుని గాలి పోనివ్వాలి, ఆ గాలి ఉండిపోతే పగలొచ్చు. మొదలు దాకా విప్పాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, అంగం మిమ్మల్ని తాకకముందే తొడగాలి. కాసేపు అలాగే చేసి చివర్లో తొడిగితే గర్భం రాదేమో అనుకుంటారు కానీ జబ్బులకి ఆ కాసేపు చాలు. పని అయ్యాక అతను మెత్తబడకముందే అంచు పట్టుకుని బయటికి తీయాలి. ఆలస్యమైతే జారి లోపలే ఉండిపోతుంది.

తడి లేకపోతే చిరుగుతుంది, ఒకరి తర్వాత ఒకరు వచ్చే రోజుల్లో తడి ఉండదు కూడా. అప్పుడు చేతికందిన కొబ్బరి నూనె, వ్యాజిలిన్, కోల్డ్ క్రీమ్ రాస్తారు. మామూలు రబ్బరు నిరోధ్‌కి నూనె తగిలితే కొద్ది నిమిషాల్లోనే దాని బలం పోతుంది. నీళ్లతో చేసిన జెల్లీ వాడాలి, మందుల షాపులో దొరుకుతుంది, ప్రాజెక్టు ఆఫీసులో కూడా అడగండి. వెనక దారిలో, అంటే మలద్వారంలో చేసే పని అయితే జెల్లీ తప్పనిసరి, అక్కడ సొంత తడి ఉండదు, చర్మం పల్చగా ఉండి తొందరగా చిట్లుతుంది, హెచ్‌ఐవీ అంటుకునే ప్రమాదం అన్నిటికంటే ఆ దారిలోనే ఎక్కువ. హిజ్రా అక్కలకీ, ఈ పని చేసే మగవాళ్లకీ ఇది మరీ ముఖ్యం.

భద్రత పెరుగుతుందని ఒకదాని మీద ఒకటి రెండు తొడిగేవాళ్లు ఉన్నారు. ఒకదానికొకటి రాసుకుని చిరగొచ్చు. ఒకటి చాలు, సరిగ్గా తొడిగితే. నోటితో చేసినా నిరోధ్ ఉండాలి, గనేరియా, సిఫిలిస్ లాంటి సుఖవ్యాధులు గొంతులోకి కూడా వస్తాయి, గొంతులో ఉన్న గనేరియా చాలాసార్లు ఏ నొప్పీ చూపించదు.

ఆడవాళ్లు లోపల పెట్టుకునే కండోమ్ కూడా ఉంది. అన్ని చోట్లా దొరకదు, ధర ఎక్కువ. కానీ ముందే పెట్టుకుని సిద్ధంగా ఉండొచ్చు కాబట్టి తాగి వచ్చేవాళ్లతో అది చాలా ఉపయోగం. దానితో పాటు మగవాళ్ల నిరోధ్ కూడా వాడొద్దు, ఏదో ఒకటే.

వద్దనేవాడితో ఎలా మాట్లాడాలి

ఇక్కడ నా అనుభవంలో తెలిసింది చెప్తాను. జబ్బుల పేరు చెప్పి భయపెడితే మగవాళ్లు వినరు. "నీకేదో ఉందా ఏంటి?" అని ఎదురు తిరుగుతారు, లేదా "నన్ను చూస్తే జబ్బున్నవాడిలా ఉన్నానా?" అని కోపం తెచ్చుకుంటారు. మాటకి మాట పెరుగుతుంది. దానికంటే "ఇక్కడ అందరిదీ ఇదే పద్ధతి, నా ఒక్కదాని ఇష్టం కాదు" అనే మాట బాగా పనిచేస్తుంది. ఆ మాట కూడా గదిలోకి వెళ్లి తలుపు వేశాక చెప్పొద్దు. రేటు మాట్లాడేటప్పుడే, ఫోన్లో అయితే ఫోన్లోనే, "నిరోధ్‌తోనే, ఇంత" అని ఒక్క వాక్యంలో కలిపి చెప్పేయండి. ఇష్టం లేనివాడు అక్కడే పోతాడు, అది మీకు నష్టం కాదు.

గదిలోకి వచ్చాక మొదలుపెడితే మాటలు తగ్గించి చేతులతో మీరే తొడిగేయడం మంచిది. అలవాటైన వాళ్లు మాటల మధ్యలో, అతను గమనించేలోపే తొడిగేస్తారు, కొందరు నోటితో కూడా తొడుగుతారు. ఇది సాధనతో వస్తుంది, ప్రాజెక్టు ఆఫీసులో అంగం ఆకారంలో కొయ్య నమూనా ఉంటుంది, సిగ్గుపడకుండా నాలుగుసార్లు చేసి చూడండి. మధ్యలో దొంగతనంగా తీసేసేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా మీకు కనపడని భంగిమ అడిగేవాళ్లు. మధ్య మధ్యలో చెయ్యి వెనక్కి పెట్టి తగిలించి చూసుకోండి, అది మీ హక్కు.

అయిదొందలు ఎక్కువిస్తా, వెయ్యి ఎక్కువిస్తా అనేవాడు వస్తాడు. ఇంటి అద్దె కట్టాల్సిన రోజు, పిల్లల ఫీజు కట్టాల్సిన రోజు ఆ వెయ్యి ఎంత పెద్దదో నాకు తెలుసు, కాబట్టి నీతులు చెప్పను. ఒక్కటే గుర్తు పెట్టుకోండి: మీకు ఆ మాట చెప్పినవాడు మీ దగ్గరికి రాకముందు వెళ్లిన చోటల్లా అదే మాట చెప్పి ఉంటాడు. అందరిలోకీ ఎక్కువ ప్రమాదం వాడి దగ్గరే. చేత్తో చేస్తాను, పైపైన చేస్తాను అని వేరే దారి చూపించి డబ్బు తెచ్చుకోండి. అప్పు కోసం వేరే చోటు ఉంటే, మీ సంఘంలో పొదుపు గ్రూపు ఉంటే, అక్కడ అడగండి. ఆ రోజుకి చేతిలో వెయ్యి రూపాయలు ఉన్న మనిషి వద్దనగలదు, లేని మనిషి అనలేదు. నా దృష్టిలో నిరోధ్ ఎంత అవసరమో పొదుపు కూడా అంతే అవసరం.

ఒక్కరు వద్దంటే వాడు పక్క గదికి వెళ్తాడు. అందరూ వద్దంటే ఎక్కడికి వెళ్తాడు? కలకత్తాలో సెక్స్ వర్కర్లు ఉండే సోనాగాచిలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా మొదలుపెట్టిన పని బలం ఇదే, అక్కడి ఆడవాళ్లనే పీర్లుగా పెట్టి, ఇల్లిల్లూ తిరిగించి, అది అందరి పద్ధతి అయ్యేలా చేశారు. మీరు లాడ్జి దగ్గర చేసినా, హైవే మీద చేసినా, ఇంట్లోంచి ఫోన్ మీద చేసినా, మీకు తెలిసిన ముగ్గురు నలుగురితోనైనా ఆ మాట ముందే అనుకోండి. వద్దన్నవాడి నంబర్ ఒకరికొకరు చెప్పుకోండి.

కొందరు వాట్సాప్‌లో టెస్ట్ రిపోర్ట్ పంపించి "చూడు, నాకేం లేదు" అంటారు. హెచ్‌ఐవీ సోకిన వెంటనే పరీక్షలో కనపడదు, మూడు నెలల దాకా పట్టొచ్చు. అంటే ఇవాళ్టి నెగెటివ్ రిపోర్ట్ మొన్నటి సంగతి చెప్పదు. పైగా ఆ కాగితంలో గనేరియా గురించీ నీటి పొక్కులు తెచ్చే హెర్పిస్ గురించీ ఏమీ ఉండదు. లైటు ఆర్పకముందు ఒకసారి చూడటం మంచిదే, పుండ్లు, నీటి పొక్కులు, చీము, పులిపిర్లు కనపడితే చేత్తో కూడా ముట్టుకోకుండా పంపించేయండి, ఎందుకంటే హెర్పిస్, పులిపిర్లు నిరోధ్ కప్పని చోట నుంచి కూడా అంటుకుంటాయి. కానీ ఏమీ కనపడలేదు కాబట్టి ఏమీ లేదనుకోవద్దు.

వాడు కొట్టేలా ఉన్నాడు, కత్తి చూపిస్తున్నాడు, ముగ్గురు నలుగురు ఉన్నారు అనుకోండి. అప్పుడు నిరోధ్ కోసం పోట్లాడొద్దు. ప్రాణం ముందు. అక్కడి నుంచి బయటపడ్డాక చేయాల్సింది కింద రాశాను.

కడుక్కోవడం గురించి

ఈ విషయం మీద ఎంత చెప్పినా తక్కువే. పని అయ్యాక డెట్టాల్ నీళ్లతో, ఉప్పు నీళ్లతో, నిమ్మకాయతో, సబ్బుతో వేలు పెట్టి లోపల కడిగేవాళ్లు చాలామంది. శుభ్రత కోసమే చేస్తారు, జాగ్రత్త ఎక్కువ ఉన్నవాళ్లే చేస్తారు, అదే బాధ. యోనిలో మనల్ని కాపాడే మంచి సూక్ష్మజీవులు ఉంటాయి, పుల్లగా ఉండే ఆ తడే మనకి రక్షణ. డెట్టాల్ దాన్ని చంపేస్తుంది, లోపలి పొర ఎర్రగా ఒరిసిపోతుంది, ఆ ఒరుపులోంచి హెచ్‌ఐవీ ఇంకా తేలిగ్గా లోపలికి వెళ్తుంది. పైపైన మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. నెలసరి రోజుల్లో పని మానలేక లోపల దూది, స్పాంజి ముక్క పెట్టుకునే అలవాటు కూడా ఉంది. అది లోపల ఉండిపోయి చీము పట్టి వచ్చిన వాళ్లని చూశాను. వీలైతే ఆ రోజుల్లో లోపలికి రానివ్వని పని మాత్రమే ఒప్పుకోండి.

ఏమీ లేకపోయినా వెళ్లాల్సిన చెకప్

ఆడవాళ్లలో గనేరియా, క్లమిడియా అనే సుఖవ్యాధులు చాలాసార్లు ఏ బాధా లేకుండానే ఉంటాయి. మగవాడికైతే గనేరియా చాలాసార్లు మూత్రంలో మంట, చీము వచ్చి కొద్ది రోజుల్లోనే తెలిసిపోతుంది, మనకి గర్భాశయం ముఖద్వారం దగ్గర నెలల తరబడి కూర్చుని పైకి పాకి పిల్లలు పుట్టే ట్యూబులు మూసుకుపోయాక తెలుస్తుంది. సిఫిలిస్ ఇంకా మోసం చేస్తుంది. మొదట వచ్చే పుండు నొప్పి పుట్టదు, లోపలి వైపు ఉంటే అసలు కనపడదు, కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. మానింది పుండే, జబ్బు ఒంట్లోనే ఉంటుంది. ఆ మధ్యలో గర్భం వస్తే బిడ్డకి కూడా వెళ్తుంది. మన పెద్దవాళ్లు సవాయి అనేవాళ్లే, అదే ఇది.

కాబట్టి మూడు నెలలకోసారి డాక్టర్‌తో లోపల పరీక్ష చేయించుకోవాలి, ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ, సిఫిలిస్ రక్తపరీక్ష. టీఐ ప్రాజెక్టుల్లో ఉన్న పద్ధతి ఇదే, అంతా ఉచితం. ప్రాజెక్టు లేని ఊళ్లో ఉంటే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ అని ఉంటుంది, రక్తపరీక్షకి ఐసీటీసీ అనే కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రం ఉంటుంది. ఎక్కడుందో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, నాకో వాళ్ల ఉచిత నంబర్, పేరు చెప్పక్కర్లేదు. రక్తం తీసేముందు మిమ్మల్ని అడగాలి, ఫలితం ఎవరికీ చెప్పకూడదు. 2017లో చేసిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది, అందులో ఈ మాట స్పష్టంగా ఉంది. చెకప్‌కి వెళ్లినప్పుడు స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి లోపల చూడకుండా, దూరం నుంచే అడిగి మందులు రాసి పంపిస్తే "లోపల చూడండి సార్" అని అడగండి. నేనున్న చోట ఒక డాక్టర్ బల్లకి అవతల నుంచే చూసి పంపించేవారు, ఒకామె ఒకరోజు నిలబడి అడిగిన తర్వాతే పద్ధతి మారింది.

మందులు రంగు రంగుల కిట్లలో వస్తాయి, మొత్తం ఏడు. గర్భాశయ ముఖద్వారం దగ్గర చీములాంటి స్రావం ఉంటే బూడిద రంగు కిట్. దురద, వాసనతో తెల్లబట్ట అయితే ఆకుపచ్చ కిట్. నీటి పొక్కులు కాని పుండ్లయితే తెల్ల కిట్, అందులో పెన్సిలిన్ ఇంజెక్షన్ ఉంటుంది, పెన్సిలిన్ పడనివాళ్లకి దాని బదులు నీలం కిట్. నీటి పొక్కులైతే ఎర్ర కిట్, పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో బిళ్లలు కడితే నలుపు. ఇది మీరే ఎంచుకుని వేసుకోవడానికి చెప్పట్లేదు, మీ చేతిలో పెట్టింది దేనికో మీకు తెలియాలని చెప్తున్నాను. ఆకుపచ్చ, పసుపు కిట్లలో ఉండే కొన్ని మాత్రలు వేసుకునే రోజుల్లో మద్యం తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి, ఎన్ని రోజులు తాగకూడదో అడిగి తెలుసుకోండి. గర్భం ఉందేమో అనే అనుమానం ఉన్నా ముందే చెప్పండి, కొన్ని కిట్లలోని డాక్సీసైక్లిన్ అనే మందు గర్భిణులకి ఇవ్వరు. పసుపు కిట్ 14 రోజులు, నలుపు 21 రోజులు వాడాలి. నాలుగో రోజుకి తగ్గిందని ఆపేస్తే జబ్బు మొండిదై తిరిగొస్తుంది.

వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గర ఒక ఇంజెక్షన్, నాలుగు మాత్రలు తీసుకోవడం తేలికే. రహస్యంగా ఉంటుంది, రాత్రి పదింటికి కూడా దొరుకుతాడు, నేను అర్థం చేసుకోగలను. కానీ గనేరియాకి మందులు ఒక్కొక్కటీ పనిచేయడం మానేస్తున్నాయి, సగం సగం డోసులు దానికి ఒక కారణం. ఇంకోటి, తెల్లబట్ట అంతా జబ్బు కాదు. నెలసరి మధ్యలో పల్చగా, వాసన లేకుండా వచ్చేది ఒంటి ధర్మం. ఎముకలు కరిగి తెల్లబట్ట అవుతోందని చెప్పి బలం మందులు అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు.

వైద్యం అయ్యాక ఏడు రోజులు పని మానమంటారు. ఏడు రోజులు కూడు ఎలా అని మీరడుగుతారు, న్యాయమైన ప్రశ్న. మానగలిగినన్ని రోజులు మానండి, మానలేకపోతే నిరోధ్ ఒక్కసారి కూడా తప్పొద్దు, పుండు ఉంటే మాత్రం ఆ పని పెట్టుకోవద్దు, చేత్తో చేసేది చూసుకోండి.

టీకాలు కూడా అడగండి. హెపటైటిస్ బి నిరోధ్ లేని కలయికతో బాగా అంటుకునే కాలేయం జబ్బు, టీకా మూడు డోసులు: మొదటి రోజు, నెలకి, ఆరు నెలలకి. ముప్పై దాటినవాళ్లు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాలి, వెనిగర్ లాంటి ద్రవం రాసి చూస్తారు, అయిదు నిమిషాల పని. హెచ్‌ఐవీ రాకుండా ముందే రోజూ వేసుకునే ప్రెప్ మాత్రలు కూడా ఉన్నాయి, హెచ్‌ఐవీ లేదని తేలాక, కిడ్నీలు చూశాక డాక్టర్ రాయాలి. అవి హెచ్‌ఐవీని ఆపుతాయి, సిఫిలిస్‌నీ గనేరియానీ ఆపవు.

చిరిగిన రాత్రి

చిరిగితే, జారిపోతే, బలవంతం జరిగితే ముందు టెన్షన్‌లో పరిగెత్తి లోపల కడగొద్దు. మూత్రానికి వెళ్లండి, పైన నీళ్లతో కడుక్కోండి. బలవంతం జరిగి కేసు పెట్టాలనుకుంటే అది కూడా చేయకుండా, బట్టలు మార్చకుండా ఆసుపత్రికి వెళ్లడం మంచిది.

తర్వాత గడియారం చూడండి. హెచ్‌ఐవీ రాకుండా ఆపే పెప్ మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, రేపు పొద్దున చూద్దాం అనుకోవద్దు. ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) ఉన్న ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లి "పెప్ కావాలి" అని ఆ మాటే చెప్పండి. 28 రోజులు రోజూ వేసుకోవాలి, మధ్యలో ఆపకూడదు. మొదట వారం వికారం ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. గర్భం రాకుండా వేసుకునే మాత్ర కూడా 72 గంటల్లోపే, కానీ అది జబ్బుల్ని ఆపదు, రెండూ వేరు. ఆ రోజు ఒక రక్తపరీక్ష, మూడు నెలలకి మళ్లీ ఒకటి, పదిహేను రోజుల తర్వాత ఒకసారి లోపల చెకప్.

ఈ పని చేసేవాళ్లని బలవంతం చేసినా అది అత్యాచారమే. అలా జరిగి వచ్చినవాళ్లకి ప్రభుత్వమైనా ప్రైవేట్ అయినా ఏ ఆసుపత్రీ డబ్బు అడక్కుండా వైద్యం చేయాలని చట్టంలో ఉంది. 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో కూడా ఇది ఉంది, పోలీసులు గౌరవంగా చూడాలనీ, నిరోధ్‌లు దొరికినంత మాత్రాన దాన్ని నేరానికి సాక్ష్యంగా చూడకూడదనీ ఉంది. ఇష్టపూర్వకంగా ఈ పని చేయడం నేరం కాదు, బ్రోతల్ నడపడం, బహిరంగంగా పిలవడం 1956 నాటి ఇమ్మోరల్ ట్రాఫిక్ చట్టం కింద నేరం. సంచిలో నిరోధ్ ఉంటే పోలీసు పట్టుకుంటాడని ఖాళీ సంచితో వెళ్లేవాళ్లు ఉన్నారు. వెళ్లొద్దు. ఆ ఉత్తర్వు కాగితం మీ సంఘంలో ఒక కాపీ పెట్టుకోండి.

పరీక్షలో హెచ్‌ఐవీ అని తేలితే అదే వారం ఏఆర్‌టీ మొదలుపెట్టండి, జీవితాంతం ఉచితం. రోజూ వేసుకుంటూ రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గితే కలయిక ద్వారా ఇంకొకరికి వెళ్లదు, బిడ్డకి వెళ్లే అవకాశం కూడా చాలా చాలా తగ్గిపోతుంది. వేరే ఊరు మారుతుంటే ముందే సెంటర్లో చెప్పి ట్రాన్స్‌ఫర్ కాగితం తీసుకోండి, మందు ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఇక ఇంట్లో మనిషి

మొదట చెప్పినామె దగ్గరికి వస్తాను. ఆయన లారీ మీద వెళ్లేవాడు, వారం పది రోజులకి వచ్చేవాడు. ఆమెకి ఆయనతో నిరోధ్ అంటే, ఆయన్ని కస్టమర్ల లైన్లో నిలబెట్టినట్టే. పని వేరు, ప్రేమ వేరు, ఆ రెండిటి మధ్య గోడ నిరోధే. కస్టమర్‌కి ఉంటుంది, మన మనిషికి ఉండదు. ఇది తెలివితక్కువతనం కాదు. రోజంతా అంతమంది మధ్య ఉండే మనిషికి, ఒక్కరితోనైనా అడ్డు లేకుండా ఉండాలని ఉంటుంది. ఆ మనసు అర్థం చేసుకోకుండా "అందరితోనూ వాడు" అని చెప్తే ఎవరూ వినరు, మేం చెప్పినప్పుడు కూడా ఎవరూ వినలేదు.

చివరికి పనికొచ్చిన దారి వేరు. ఆయన మీద అనుమానంతో మొదలుపెట్టకూడదు. "నా పని ఇలాంటిది, ఎప్పుడైనా ఒకటి చిరగొచ్చు, నా వల్ల నీకు ఏదీ రాకూడదు" అని తన వైపు నుంచి మాట మొదలుపెట్టమన్నాం. అలా అంటే మగవాడికి కోపం రావడానికి చోటు ఉండదు. పిల్లలు ఇప్పుడే వద్దు, మాత్రలు పడట్లేదు అనే కారణం కూడా కొందరికి పనికొచ్చింది. కొట్టే మనిషి అయితే ఈ మాట ఒంటరిగా ఉన్నప్పుడు ఎత్తొద్దు, కౌన్సెలర్ దగ్గరే ఎత్తండి, లేదా ఆడవాళ్ల కండోమ్ గురించి మీ పీర్‌ని అడగండి.

ఆమె నాలుగు రోజులు ఆలోచించుకుని, ఆయన లోడు దించి వచ్చిన రోజు సాయంత్రం తీసుకొచ్చింది. ఇద్దరికీ పెన్సిలిన్ పడుతుందో లేదో చూసి, పిరుదుల్లో రెండు వైపులా ఇంజెక్షన్ ఇచ్చారు, అరగంట అక్కడే కూర్చోబెట్టారు. ఎప్పటినుంచి ఉందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు వారాలు ఇస్తారు, ఆమెకి అలాగే ఇచ్చారు. ఒక్కరే వేయించుకుంటే లాభం లేదు, ఆమెకి తగ్గినా ఆయన దగ్గర నుంచి మళ్లీ వస్తుంది. ఆయన రానంటే ఆయన కోసం వైద్యం ఎలాగో కౌన్సెలర్‌ని అడగండి, సిగ్గుపడి చెప్పకుండా ఉండొద్దు. తర్వాత ఒక విషయం, సిఫిలిస్‌కి చేసే వేలిగుచ్చు పరీక్ష జబ్బు తగ్గిన తర్వాత కూడా ఏళ్ల తరబడి పాజిటివ్ చూపిస్తూనే ఉండొచ్చు. మళ్లీ వచ్చిందని భయపడొద్దు, ఆర్‌పీఆర్ అనే పరీక్షలో అంకె తగ్గుతుందా లేదా చూస్తారు, కాబట్టి పాత కాగితాలు పారేయకుండా ఒక కవర్లో దాచుకోండి.

నిరోధ్ మానేయాలని ఇద్దరికీ ఉంటే దానికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరూ ఒకే రోజు పరీక్ష చేయించుకోవాలి, అప్పటి నుంచి మూడు నెలలు నిరోధ్‌తోనే ఉండాలి, మళ్లీ ఒకే రోజు పరీక్ష. రెండుసార్లూ బాగుండి, బయట ఇద్దరూ ఒక్కసారి కూడా తప్పకుండా వాడుతున్నామని ఒకరికొకరు నిజం చెప్పుకోగలిగితే అప్పుడు ఆలోచించండి, ఆ తర్వాత కూడా మూడు నెలలకోసారి చెకప్ ఇద్దరికీ. ఆమె ఈ పద్ధతి విని ఆయన వైపు చూసింది. ఆయన కాసేపు ఆగి, "వచ్చే ట్రిప్పు నుంచి వచ్చాక రెండో పరీక్ష తేదీ రాసివ్వండి మేడమ్" అన్నాడు. కార్డు మీద ఇద్దరికీ ఒకే తేదీ రాసిచ్చాను.